కంప్యూటర్‌ను కాదన్నదీ వాళ్లే, వీధిలోకి తెచ్చిందీ వాళ్లే: టెక్కలి గ్రంథాలయం మిత్రులకు నా జవాబు

తర్వాత చదివేవాళ్లకు వీలుగా ఉంటుందని ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. టెక్కలి దగ్గర ఒక ఊళ్లో మీరు కొందరు అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి గ్రంథాలయం నడుపుతున్నారు. ఆదివారాలు పిల్లలకు కథలు చెబుతారు, ఊళ్లో పాటగాళ్లను పిలిచి పాడిస్తారు, అప్పుడప్పుడూ అర్జీలు రాసిపెడతారు. విశాఖలో ఉద్యోగం చేసే మీ ఊరాయన ఒకరు రెండు పాత కంప్యూటర్లు, నెట్ కనెక్షన్ ఇప్పిస్తానన్నారు. మీలో సగం మంది వద్దంటున్నారు. "వ్యవస్థను కాదన్నవాళ్లెవరూ దాని మెషీన్లను నెత్తిన పెట్టుకోలేదు, శ్రీకాకుళ ఉద్యమ కవి పాణిగ్రాహి జముకు వాయిద్యం పట్టుకుని ఊరూరా తిరిగాడు, ఆయనకి ఏ నెట్ ఉందని?" అన్నది వాళ్ల మాట. "పర్సనల్ కంప్యూటర్, ఇంటర్నెట్ రెండూ అమెరికాలో హిప్పీల చేతుల్లోంచే వచ్చాయి, మనమెందుకు భయపడాలి?" అన్నది మిగతా సగం మాట. ఎవరిది నిజం, కంప్యూటర్లు తీసుకోవాలా వద్దా అని అడిగారు.

తీసుకోండి. కానీ రేపు నెట్ పోయినా, మెషీన్ పాడైనా, ఇచ్చినాయన మనసు మారినా గ్రంథాలయం ఆగకుండా నడిచేలా ఏర్పాటు చేసుకుని తీసుకోండి.

చరిత్ర సంగతికొస్తే మీ రెండు పక్షాలూ చెరి సగం చెబుతున్నాయి. వ్యవస్థను కాదన్నవాళ్లలో కంప్యూటర్లను తగలబెట్టినవాళ్లున్నారు, దాన్ని తెచ్చి నడివీధిలో జనానికి అప్పగించినవాళ్లున్నారు. ముందు ఎదిరించి తర్వాత అక్కున చేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఎవరి పని నిలిచింది, ఎవరిది కొట్టుకుపోయింది అని చూస్తే నాకు ఒకటే తోస్తుంది. మెషీన్ మీద పట్టు తమ దగ్గర ఉంచుకున్నవాళ్లది నిలిచింది. మెషీన్ దానంతటదే స్వేచ్ఛ తెచ్చిపెడుతుందని నమ్మి వదిలేసినవాళ్లదీ నిలవలేదు, దాన్ని పేల్చేస్తే పీడ విరగడవుతుందనుకున్నవాళ్లదీ నిలవలేదు.

నేనెవరో చెబితే ఈ మాటలు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలుస్తుంది. మాది విజయనగరం. బ్యాంకులో క్లర్కుగా చేరి, యూనియన్‌లో పనిచేసి, రిటైరయ్యాను. మా యూనియన్ కంప్యూటర్లను వ్యతిరేకించిన రోజుల్లో గోడలకు పోస్టర్లు అంటించినవాణ్ణి. తర్వాత ఫ్రీ సాఫ్ట్‌వేర్ మిత్రులతో కలిసి బళ్లలో, చిన్న గ్రంథాలయాల్లో పాత కంప్యూటర్లు బాగుచేసి పెడుతున్నాను. ఉపాధి హామీ కూలీల జాబ్ కార్డుల గొడవల్లోనూ తిరుగుతుంటాను. అంటే మీ రెండు పక్షాల్లోనూ ఉన్నవాణ్ణే.

మొదట అమెరికా కథ. హిప్పీలే ఇంటర్నెట్ పుట్టించారన్నది సరికాదు. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజిలిస్‌లోని యూనివర్సిటీ నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు మొదటి సందేశం వెళ్లిన ఆర్పానెట్‌కు, అంటే ఇంటర్నెట్‌కు ముందు రూపానికి, డబ్బు పెట్టింది అమెరికా రక్షణశాఖ. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే మిలటరీ దగ్గరా యూనివర్సిటీల దగ్గరా పెద్ద కంపెనీల దగ్గరా ఉండే గదంత మెషీన్. మామూలు మనిషికి దానితో సంబంధం పంచ్ కార్డు, అంటే వివరాలను కంతలుగా పొడిచిన అట్టముక్క, ద్వారానే. 1964లో బర్క్‌లీ విద్యార్థులు క్యాంపస్‌లో మాట్లాడే హక్కు కోసం ఉద్యమం చేసినప్పుడు ఆ కార్డునే గుర్తుగా పట్టుకున్నారు. కార్డుల మీద "మడవొద్దు, వంచొద్దు, పాడుచేయొద్దు" అని హెచ్చరిక ఉండేది. పిల్లలు "నేను ఈ యూనివర్సిటీ విద్యార్థిని, దయచేసి నన్ను మడవొద్దు, వంచొద్దు" అని రాసి తగిలించుకున్నారు. ఆ డిసెంబరు 2న మారియో సావియో అనే విద్యార్థి నాయకుడు ఈ యంత్రం నడక భరించలేనంత రోత పుట్టిస్తే మన శరీరాలను దాని చక్రాలకు అడ్డం పెట్టి ఆపాలన్నాడు. ఆయన యంత్రమన్నది పాలనా వ్యవస్థను. కానీ వినేవాళ్ల కళ్ల ముందు కంప్యూటర్ కూడా ఉంది. తర్వాత స్ప్రౌల్ హాల్‌లో బైఠాయించిన దాదాపు 800 మందిని పోలీసులు పట్టుకెళ్లారు.

ఆ పట్టుబడ్డవాళ్లలో లీ ఫెల్సెన్‌స్టైన్ అనే ఇంజనీరింగ్ కుర్రాడు ఒకడు. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన మనిషి ఆయనే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

1973 ఆగస్టులో అదే బర్క్‌లీలో లియోపోల్డ్స్ అనే పాటల రికార్డుల షాపులో, మెట్లెక్కగానే ఉండే నోటీసు బోర్డు పక్కన ఒక టెలిటైప్ మెషీన్ వెలిసింది. దాని చప్పుడు షాపులో వాళ్లకు ఇబ్బంది కాకుండా అట్టపెట్టెలో పెట్టారు. చేతులు దూర్చి టైపు చేసుకోవడానికి కంతలు వదిలారు. ఫోను లైను మీద అది శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక పెద్ద కంప్యూటర్‌తో మాట్లాడేది, అదీ సెకనుకు పది అక్షరాల చొప్పున. పక్కన ఒక మనిషి కూర్చుని వచ్చేపోయేవాళ్లకు ఎలా వాడాలో చూపించేవారు. పేరు కమ్యూనిటీ మెమరీ. ఫెల్సెన్‌స్టైన్, ఎఫ్రెం లిప్కిన్, మరికొందరు మిత్రులు పెట్టారు. అద్దె ఇళ్లు, ఉద్యోగాల ప్రకటనలు వస్తాయనుకుంటే సంగీతం వాయించేవాళ్లు తోడు వాయించేవాళ్లను వెతుక్కున్నారు, కవితలు పెట్టారు, చదరంగం ఆడేవాళ్లు జత కుదుర్చుకున్నారు. మంచి బేగెల్ రొట్టెలు ఎక్కడ దొరుకుతాయని ఎవరో అడిగితే ఒకాయన దుకాణం పేరు చెప్పడం మానేసి, చేయడం నేర్పిస్తాను రమ్మన్నాడు. ఏ కంపెనీ చెప్పలేదు, ఏ శాఖా ఆర్డరివ్వలేదు. మొన్నటిదాకా మనిషిని కార్డుగా మార్చిన మెషీనే అక్కడ మనిషికీ మనిషికీ పరిచయం కలిపింది.

ఫెల్సెన్‌స్టైన్ మనసులో పడిన ఆలోచన ఇవాన్ ఇలిచ్ అనే తత్వవేత్తది. మధ్య అమెరికా పల్లెల్లోకి రేడియో వచ్చిన కొద్ది కాలానికే దాన్ని బాగుచేసుకోగలిగినవాళ్లు ఆ పల్లెల్లోనే తయారయ్యారని ఇలిచ్ గమనించాడు. వాడేవాడు విప్పి చూడగలిగేది, బాగుచేసుకోగలిగేది, అక్కర్లేదనుకుంటే పక్కన పెట్టగలిగేది మంచి పనిముట్టు. వాడేవాణ్ణి తన చుట్టూ తిప్పుకునేది చెడ్డది. కంప్యూటర్ కూడా వీధిలో బతకాలంటే దాని చుట్టూ బాగుచేసుకునేవాళ్ల గుంపు ఒకటి ఉండాలని ఫెల్సెన్‌స్టైన్‌కు అందులోంచే అర్థమైంది.

ఇప్పుడు మీ మిత్రులు చెప్పిన జముకు సంగతి. సుబ్బారావు పాణిగ్రాహి బొడ్డపాడు నుంచి జముకుల కథ పట్టుకుని జనంలోకి వెళ్లింది కూడా ఆ 1960ల చివరి సంవత్సరాల్లోనే. 1969 డిసెంబరులో ఆయన్ను చంపేశారు. ఆయన పాత కళను ఎందుకు ఎంచుకున్నాడు? తోలూ తీగా ఊళ్లోనే దొరుకుతాయి. తెగితే ఊళ్లోనే బిగించుకోవచ్చు. వినేవాళ్లకు చదువు అక్కర్లేదు. దూరాన ఎక్కడో కూర్చుని ఎవడూ దాన్ని ఆపు చేయలేడు. ఇలిచ్ చెప్పిన లక్షణాలన్నీ జముకులో ఉన్నాయి. కాబట్టి మీ మిత్రులు జముకు మాట ఎత్తితే దాన్ని పాతకాలపు పట్టుదలగా కొట్టిపారేయకండి. వాళ్లు సరైన కొలబద్దే పట్టుకున్నారు. ఆ కొలబద్దతోనే కంప్యూటర్‌ను కూడా కొలవమని అడగండి.

అమెరికాలో మిగతా కథ తొందరగా చెప్పేస్తాను. 1968లో స్టీవర్ట్ బ్రాండ్ మొదలుపెట్టిన హోల్ ఎర్త్ క్యాటలాగ్ పల్లెలకు వెళ్లి కమ్యూన్‌లు కట్టుకున్నవాళ్లకు పనిముట్ల పుస్తకం. పొయ్యిలు, గుడారాలతోపాటు ఎలక్ట్రానిక్ క్యాలిక్యులేటర్లకూ అందులో చోటుంది. మౌస్‌ను, తెర మీద కలిసి పనిచేయడాన్ని డగ్లస్ ఎంగెల్‌బార్ట్ లోకానికి మొదటిసారి చూపించిన 1968 డిసెంబరు 9 ప్రదర్శనలో కెమెరా దగ్గర సాయం చేసిందీ ఈ బ్రాండే. 1975 మార్చిలో ఒక గ్యారేజీలో మొదలైన హోమ్‌బ్రూ అనే కంప్యూటర్ ఔత్సాహికుల క్లబ్‌లో ప్రోగ్రాములూ డిజైన్లూ చేతులు మారేవి. ఆ క్లబ్ నుంచే ఆపిల్ పుట్టింది. 1976లో బిల్ గేట్స్ ఇలాంటి ఔత్సాహికులకు బహిరంగ లేఖ రాసి, మీలో చాలామంది సాఫ్ట్‌వేర్ దొంగిలిస్తున్నారన్నాడు. పంచుకునేవాళ్లు, అమ్ముకునేవాళ్లు అని దారులు చీలింది అక్కడే. 1985లో వెల్ అనే నెట్ వేదికను బ్రాండ్‌తో కలిసి పెట్టిన లారీ బ్రిలియంట్ మన దేశంలో మశూచి నిర్మూలనలో పనిచేసిన డాక్టరు. దాన్ని రోజువారీ నడిపినవాళ్లలో టెనెసీలో ద ఫార్మ్ అనే కమ్యూన్‌లో ఏళ్లపాటు బతికి వచ్చినవాళ్లున్నారు.

ఈ వరసలో నేను ఒప్పుకోనిది ఒకటుంది. 1996 ఫిబ్రవరి 8న జాన్ పెరీ బార్లో దావోస్‌లో కూర్చుని సైబర్ లోకానికి స్వాతంత్ర్య ప్రకటన రాశాడు. ప్రభుత్వాలారా, మీకు ఇక్కడ అధికారం లేదన్నాడు. ఆయన ఆవేశం నిజమైనదే, అమెరికాలో అదే రోజు సంతకమైన సెన్సారు నిబంధనల మీద కోపంతో రాసిందది. కానీ ప్రభుత్వం తప్పుకుంటే ఆ ఖాళీలో కంపెనీలు వచ్చి కూర్చుంటాయని ఆ ప్రకటనలో లేదు. సరిగ్గా 20 ఏళ్లకు, 2016 ఫిబ్రవరి 8న, మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. కొన్ని సైట్లకు ఒక రేటు, మిగతావాటికి ఒక రేటు పెట్టకూడదని. దాంతో కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే ఫేస్‌బుక్ వారి ఫ్రీ బేసిక్స్ మన దేశంలో ఆగిపోయింది. లక్షలమంది ట్రాయ్‌కు ఈమెయిళ్లు రాశారు. మా విజయనగరంలో కూడా కాలేజీ పిల్లలతో కూర్చుని రాయించాం. ప్రభుత్వం జోక్యం వద్దని బార్లో అన్నాడు, నెట్ అందరికీ ఒకేలా ఉండాలంటే ప్రభుత్వమే నిబంధన పెట్టాలని మనం అడిగి సాధించుకున్నాం. నా మనసు ఈ రెండోదాని వైపే.

బార్లోకన్నా నాకు రిచర్డ్ స్టాల్‌మన్ దారి గట్టిదనిపిస్తుంది. 1983లో అందరూ పంచుకోగల సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, 1989లో జీపీఎల్ లైసెన్స్ రాశాడు. ఈ ప్రోగ్రామును ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు, అయితే మార్చి పంచితే అదే హక్కు అవతలివాళ్లకూ ఇవ్వాలి. మంచితనం మీద వదిలేయకుండా షరతు రాసుకున్నాడు. అందుకే ఈ రోజు మీకొచ్చే పాత కంప్యూటర్ మీద రూపాయి కట్టకుండా, విండోస్ బదులు లైనక్స్ వేసుకోగలుగుతున్నారు. తెలుగులో కనిపించే మెనూల వెనక 'స్వేచ్ఛ' లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పనిచేసిన మన పిల్లల కష్టం ఉంది.

ఇక ఎదిరించినవాళ్లు. వీళ్లంతా ఒకే తరహా కాదు.

1970 ఆగస్టు 24న విస్కాన్సిన్ యూనివర్సిటీలో మిలటరీ గణిత పరిశోధన కేంద్రాన్ని పేల్చారు. వియత్నాం యుద్ధం మీద కోపం. ఆ రాత్రి ల్యాబ్‌లో పనిచేసుకుంటున్న రాబర్ట్ ఫాస్‌నాక్ట్ అనే 33 ఏళ్ల పరిశోధకుడు చచ్చిపోయాడు. ఆయనకు మిలటరీ కేంద్రంతో సంబంధమే లేదు. 1980లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో క్లోడో అనే గుంపు కంపెనీల ఆఫీసుల్లో టేపులు, కార్డులు తగలబెట్టింది. తాము కంప్యూటర్ రంగంలో పనిచేసేవాళ్లమేనని వాళ్లు ప్రకటించుకున్నారు. రెండుచోట్లా మెషీన్లు మళ్లీ వచ్చాయి. మనిషి ప్రాణం మాత్రం రాలేదు.

పశ్చిమ జర్మనీలో 1983లో జరిగింది వేరు. ప్రభుత్వం జనగణన పెట్టి, ఆ వివరాలను ఇతర శాఖలు కూడా వాడుకునేలా నిబంధన చేసింది. ఫారాలు నింపేది లేదని జనం ఊరూరా సంఘాలు కట్టారు, కోర్టుకు వెళ్లారు. ఆ డిసెంబరు 15న రాజ్యాంగ న్యాయస్థానం తన వివరాలు ఎవరికి ఎంత చెప్పాలో నిర్ణయించుకునే హక్కు మనిషికి ఉందని తీర్పిచ్చింది. మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పినప్పుడు నడిచిందీ ఈ బాటలోనే. ఒక్క కంప్యూటర్ పగలలేదు, అయినా కంప్యూటర్ల యజమానులు వెనక్కి తగ్గారు.

మన దేశంలో ఎదిరింపు ఎక్కువగా యూనియన్ల నుంచి వచ్చింది. 1960ల్లో కలకత్తాలో ఎల్‌ఐసీ కంప్యూటర్ పెట్టబోతే ఉద్యోగులు లోపలికి రానివ్వకుండా కాపలా కాశారు. బ్యాంకుల్లో కంప్యూటర్ల మీద యూనియన్లకూ యాజమాన్యాలకూ 1983లో ఒప్పందం కుదిరింది. మా బ్రాంచికి లెడ్జర్ పోస్టింగ్ మెషీన్ వచ్చిన రోజులు నాకు బాగా గుర్తు. అంతకుముందు నెలాఖరు బ్యాలెన్సింగ్‌లో నాలుగు రూపాయల తేడా వస్తే దాని కోసం రాత్రి పొద్దుపోయేదాకా లెడ్జర్లు తిరగేసేవాళ్లం. ఒకరు అంకెలు చదవాలి, ఇంకొకరు టిక్కు పెట్టాలి. మెషీన్ ఆ పనిని చిటికెలో చేసింది. మా సీనియర్లలో కొందరు దాని వైపు చూడ్డానికి కూడా ఇష్టపడలేదు. ఎందుకంటే వాళ్ల చేతిరాత, లెక్కలో వాళ్ల పట్టు, ఇన్నాళ్ల గౌరవం అంతా ఆ లెడ్జర్లోనే ఉంది. ఉన్నవాళ్ల ఉద్యోగం పోకూడదు, మెషీన్ మీద కూర్చునేవాళ్లకు శిక్షణ, అలవెన్సు ఉండాలి అన్నది మా పట్టు. ఆ మేరకు నెగ్గాం. కొత్తగా తీసుకునే క్లర్కుల సంఖ్య తగ్గిపోవడాన్ని ఆపడం మా వల్ల కాలేదు. "ఆ రోజుల్లో కంప్యూటర్లు వద్దన్న తెలివితక్కువవాళ్లు" అని ఈనాడు ఎవరైనా అంటే నాకు కష్టంగా ఉంటుంది. మేం అడిగింది మెషీన్ వల్ల వచ్చే లాభం ఎవరికి, నష్టం ఎవరికి అని. ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు.

ఆ ప్రశ్న ఎంత తాజాగా ఉందో ఉపాధి పనిలో చూశాను. 2023 జనవరి 1 నుంచి దేశమంతా పని దగ్గర రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలన్నారు. మెంటాడ వైపు ఒక చెరువు పని దగ్గరికి వెళ్లినప్పుడు కూలీల పని చూసుకునే మేట్ చేతిలో ఫోను పైకెత్తి గట్టు మీద అటూ ఇటూ నడుస్తోంది. సిగ్నలు ఒక గీత వస్తుంది, పోతుంది. పని ఎప్పుడో అయిపోయినా రెండో ఫొటో కోసం ఆడవాళ్లంతా ఎండలో కూర్చున్నారు. ఒకామె నాతో, "పని సేసినాం బాబూ, ఫొటో పడనేదట, మస్తరు పడనేదట. మరి నా సెమట ఏటైపోనాది?" అంది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఇది నెట్ మనిషి మెడ మీద కూర్చోవడం. దీన్ని ఎదిరించాల్సిందే, ఎదిరించాం, మండలాఫీసు దగ్గర కూర్చున్నాం.

అయితే అదే ఉపాధి పని మస్తర్లు (హాజరు పట్టీలు), చెల్లింపుల లెక్కలు నెట్‌లో అందరికీ కనిపించాలి. జాబ్ కార్డు వివరాలు తెలిస్తే ఏ వారం ఎన్ని రోజులు పడ్డాయో, డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో, ఎందుకు తిరిగొచ్చిందో చూడొచ్చు. మేం ఆ పేజీలు ప్రింటు తీసి, సాయంత్రం రచ్చబండ దగ్గర పేర్లు చదివి వినిపించేవాళ్లం. "నాకు డబ్బులు పడనేదు" అన్నామె పేరు పక్కన చెల్లించినట్టు ఉంటే, ఆ ఖాతా ఎవరిదని అక్కడికక్కడే నిలదీసేవాళ్లు. పొద్దున ఏ నెట్‌తో తగవు పడ్డామో సాయంత్రం అదే నెట్ మా చేతిలో ఆధారం. ఫొటో యాప్ కూలీని కనిపెట్టుకుని ఉంటుంది, లెక్కల పేజీ ఆఫీసును కనిపెట్టుకుని ఉంటుంది. ఎవరు ఎవర్ని చూస్తున్నారు అన్నది తేలితే, దేన్ని వద్దనాలో దేన్ని పట్టుకోవాలో మీకే తెలిసిపోతుంది. మీ గ్రంథాలయంలో అర్జీలు రాస్తామన్నారు కాబట్టి కంప్యూటర్ తీసుకోవడానికి నా వరకు ఈ ఒక్క కారణం చాలు.

నెట్ లేని రోజు సంగతి మీ ప్రాంతం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం అయ్యాయి. కరెంటు లేదు, టవర్లు లేవు. మా బృందం బియ్యం, దుప్పట్లు తీసుకెళ్లింది. ఎవరికి ఏం కావాలో ఒక ఆన్‌లైన్ షీట్‌లో ఉంది, తెరవడానికి దారి లేదు. ఆ ఊళ్లో డ్వాక్రా సంఘం లీడరు దగ్గర పొదుపు పుస్తకం ఉంది. అందులో ఇంటింటి పేర్లున్నాయి. ఆ పుస్తకం పట్టుకునే పంచాం. అప్పటినుంచి నేను ఎక్కడ కంప్యూటర్ పెట్టినా పక్కన కాగితం రిజిస్టరు ఆపనివ్వను.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. నా అనుభవంలో పనికొచ్చినవే చెబుతున్నాను.

పుస్తకాల జాబితా లిబ్రె ఆఫీసు అనే ఉచిత ప్రోగ్రాములో మామూలు షీట్‌గా చేయండి, మూడు నెలలకోసారి ప్రింటు తీసి రిజిస్టరులో అంటించండి. కోహా అనే మంచి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉంది. న్యూజిలాండ్‌లో హోరోవెనువా అనే చిన్న ప్రాంతపు గ్రంథాలయం తన పాత ప్రోగ్రాము 2000 సంవత్సరంలోకి వెళ్లలేదని తెలిసి, కొత్తది రాయించుకుని దాన్ని ప్రపంచానికి ఉచితంగా వదిలింది. వేల పుస్తకాలు అయ్యాక దాని వైపు వెళ్లండి. ఇప్పుడే అయితే మీకు అది బరువు.

ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో పుస్తకం తిరిగొచ్చేదాకానే ఉంచండి, తర్వాత కొట్టేయండి. చిన్న ఊరు. ఒకమ్మాయి ఏం చదువుతోందో, ఒకతను ఏ రాజకీయ పుస్తకం పట్టుకెళ్లాడో తెలుసుకోవాలనే ఆసక్తి చాలామందికి ఉంటుంది. లేని జాబితాను ఎవరూ అడగలేరు.

కివిక్స్ అనే ఉచిత ప్రోగ్రాముతో తెలుగు వికీపీడియా మొత్తాన్ని కంప్యూటర్లో దింపుకోవచ్చు. ఒకసారి నెట్ ఉన్నచోట దింపి తెస్తే ఆ తర్వాత నెట్ అక్కర్లేదు. పిల్లలకు నేను ముందు ఇదే చూపిస్తాను. యాడ్స్ ఉండవు, నోటిఫికేషన్లు ఉండవు. ఒక పిల్ల నాగావళి గురించి మొదలుపెట్టి వంశధార మీదుగా శ్రీముఖలింగం దాకా తనంతట తనే చదువుకుంటూ పోయింది.

వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి, కబురు చెప్పుకోవడానికి మాత్రమే. నిర్ణయాలు మీటింగ్‌లోనే జరగాలి, ప్రతి నోటీసూ గోడ బోర్డు మీద కూడా ఉండాలి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు గ్రంథాలయానికి బయటివాళ్లు కాకూడదు. ఊరి ఆడపిల్లల నంబర్లు అందరికీ కనిపించే గ్రూపులో పెట్టొద్దు. దీని వల్ల వచ్చిన టెన్షన్లు నేను ఒకటికి రెండుసార్లు తీర్చాల్సి వచ్చింది.

పాటగాళ్ల రికార్డింగుల విషయంలో తొందరపడకండి. పాడినవాళ్లకు వినిపించి, ఎక్కడ పెడుతున్నామో చెప్పి, ఒప్పుకున్నాకే బయటపెట్టండి. ముందు ఒక కాపీ మెమరీ కార్డులో వేసి వాళ్ల చేతికివ్వండి. అసలు కాపీ రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉండాలి. యూట్యూబ్‌ను బీరువా అనుకోవద్దు, అక్కడి తాళం మీ దగ్గర ఉండదు. కాగితాన్నీ నెట్‌నూ రెంటినీ ఎలా నిలబెట్టాలో చూడాలంటే శ్రీకాకుళంలో తెలుగు కథల గ్రంథాలయం కథానిలయానికి ఒకసారి వెళ్లి రండి. కథా రచయిత కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997 ఫిబ్రవరి 22న తెరిచిన ఆ ఇంట్లో పాత పత్రికలు బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. వాటిలోని కథలను స్కాన్ చేసి వెబ్‌సైట్లో కూడా పెట్టారు. ఎక్కడో దూరదేశంలో ఉన్నవాడు తన తాతగారి కథను చదువుకోగలుగుతున్నాడు, పత్రిక మాత్రం శ్రీకాకుళం దాటలేదు.

చివరగా వద్దంటున్న మీ మిత్రుల గురించి. ఓట్లు వేసి వాళ్లను ఓడించకండి. ఈ కంప్యూటర్లో ఎప్పటికీ ఎక్కించకూడనివి ఏమిటో జాబితా రాసే పని వాళ్లకే ఇవ్వండి. వాళ్లు రాసింది గోడకు అంటించి, అందరూ దానికి కట్టుబడండి. వారంలో ఒక రోజు కంప్యూటర్లు అసలు తీయకూడదని వాళ్లంటే ఒప్పుకోండి. మా బ్రాంచిలో మెషీన్‌ను అనుమానంగా చూసిన సీనియర్లే తర్వాత దాని తప్పులు అందరికన్నా ముందు పట్టుకున్నారు. రోజూ కాగితం మీద మొత్తం వేసుకుని పోల్చి చూసే అలవాటు వాళ్లకే ఉంది కాబట్టి.

కంప్యూటర్లు ఇస్తానన్న పెద్దాయనతో ముందే ఒక మాట అనుకోండి. మెషీన్లు గ్రంథాలయం పేర రాసివ్వాలి, పాస్‌వర్డులు మీలో కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి, నెట్ బిల్లు ఎన్నాళ్లు కడతారో తేల్చి చెప్పాలి. ఆ గడువు తర్వాత నెల నెలా కట్టగలమా అని మీలో మీరు లెక్క వేసుకోండి. కట్టలేమనుకుంటే నెట్ లేకుండా కంప్యూటర్లు మాత్రమే తీసుకోండి. పైన చెప్పినవాటిలో చాలా పనులకు నెట్ అక్కర్లేదు. లెక్కల పేజీలు ప్రింటు తీయాల్సిన రోజు ఒకరి ఫోను హాట్‌స్పాట్ సరిపోతుంది.

ఆ కంప్యూటర్ల ర్యామ్ ఎంతో, హార్డ్ డిస్కులు పనిచేస్తున్నాయో లేదో చూసి కింద రాయండి తమ్ముడూ. 2 జీబీ అయితే ఏ లైనక్స్ వేయాలి, 4 జీబీ ఉంటే ఏది వేయాలి, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎలా పెట్టుకోవాలి అన్నది దాన్నిబట్టి చెబుతాను.